అయిదోరోజు కడుపునొప్పి

అయిదోరోజు తెల్లవారుతూండగా మెలకువ వచ్చిన చెప్పుల షాపాయన ముందుగా తన కాళ్ళను కదిలించి చూశాడు. కుడికాలు కాస్త దయతలిచింది. ఎడమకాలు ససేమిరా అంది.

తొమ్మిదిమంది కలిసి బయల్దేరిన ఎనిమిది రోజుల నడక యాత్ర అది. నాలుగు రోజుల్లో డెబ్భై కిలోమీటర్లు అయ్యాయి. ముప్పై ఏళ్ళుగా పీట మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ పాదాలు కొలిచిన మనిషికి సొంత పాదాలతో ఇంత పని పడటం ఇదే మొదలు. ఇవాళ ఇంకో పద్దెనిమిది. కొండ చుట్టూ తిరిగి సాయంత్రానికి మళ్ళీ ఈ లాడ్జికే చేరాలి. ఎలాగూ ఇక్కడికే రావాల్సినప్పుడు అసలు వెళ్ళడం దేనికన్నది ఆయనకు అంతుపట్టలేదు.

"ఇవాళ నేను రాను. హాయిగా పడుకుంటాను," అన్నాడు భార్యతో.

ఆవిడ బూటు లేసు బిగిస్తూ, "కాళ్ళు నొప్పులని మాస్టారితో చెప్పేయండి. ఉన్నమాటే కదా," అంది.

"గట్టిగా అనకు! అందరి కాళ్ళకీ ఉన్నవి మన షాపు బూట్లేనే. ఇవి వేసుకుంటే కాలునొప్పి మాటే ఉండదని ఒక్కొక్కరికీ చెప్పి అమ్మాను. ఇప్పుడు నేనే కాళ్ళు పట్టుకు కూర్చుంటే ఇంకేమన్నా ఉందా?"

"మరేం చెబుతారు?"

"కడుపునొప్పి. కడుపుకీ బూట్లకీ సంబంధం లేదు."

"మీ ఇష్టం. నన్ను మాత్రం ఇందులోకి లాగకండి."

సరిగ్గా ఆరింటికి విజిల్ మోగింది. బృందాన్ని నడిపిస్తున్నది డ్రిల్లు మాస్టారు. రిటైరై ఆరేళ్ళయినా మెడలోంచి విజిల్ తియ్యలేదు. ఆయన గుమ్మంలోకి రాగానే షాపాయన దుప్పటి కింద మెలికలు తిరిగాడు.

"కడుపులో ఒకటే నొప్పి మాస్టారూ. మీరంతా వెళ్ళిరండి."

"రాత్రి ఏం తిన్నారు?"

"అందరితోపాటేనండీ. పుట్టగొడుగుల కూర."

అబద్ధానికి ఒక వివరం తగిలిస్తే బలం వస్తుందనుకున్నాడు పాపం. బలం వచ్చింది. మరీ ఎక్కువ వచ్చింది.

"పుట్టగొడుగులా!" అంటూ పక్కగది తలుపు తెరుచుకుంది. బ్యాంకు క్యాషియరమ్మ ఒక బూటు కాలికి, ఒకటి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. చేతిలోని బూటును మెల్లగా కింద పెట్టి, ఆ చేత్తోనే పొట్ట పట్టుకుంది. "అందుకేనన్నమాట! తెల్లవారినుంచీ నాకూ ఏదో తిప్పేస్తోంది."

ఎదురుగది ఇన్సూరెన్సు ఏజెంటుకు తిప్పడం లేదు, పొడుస్తోందట. ఆయన భార్యకు రెండూనట. మేడమీది అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే నొప్పిని చెరిసగం పంచుకున్నట్టు వరండాలో ఒకే బల్లమీద ముడుచుకున్నారు. ఫోటోగ్రాఫరైతే మెట్లు దిగడానికి కూడా ఓపిక లేదని పైమెట్టు మీదే చతికిలబడి మూలిగాడు. ఆరున్నరకల్లా నడవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు ఇద్దరే: మాస్టారు, షాపాయన భార్య. ఆవిడ అందరినీ ఒకసారి కలయజూసి, బూటు లేసు విప్పుకుని, "నాక్కూడా అదోలా ఉందండీ," అంటూ కుర్చీలో కూలబడింది.

"నువ్వు కూడానా!" అన్నాడు షాపాయన, నోరు తెరుచుకుని.

"నేనూ ఆ కూరే తిన్నానుగా," అంది ఆవిడ, మొగుడి కళ్ళలోకి చూడకుండా.

మాస్టారి మొహం పాలిపోయింది. "నేను రెండుసార్లు వడ్డించుకున్నాను," అని గొణిగి, గడియారం చూసుకుంటూ తన నాడి తనే పట్టుకున్నారు.

లాడ్జి యజమానురాలు పరుగున వచ్చి పట్నంలోని డాక్టరుకు ఫోన్ చేసింది. నొప్పి ఉన్న ఎవరికీ సాయంత్రందాకా కాచిన నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వొద్దనీ, అయిదింటికి తను వచ్చి చూస్తాననీ, మిగిలిన కూర పారబోయకుండా పరీక్షకు ఉంచాలనీ డాక్టరు చెప్పాడు. ఫోన్ పెట్టేసి ఆవిడ వంటాయన్ని పిలిచింది.

వంటాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పొట్టలు పట్టుకున్న ఏడుగురినీ, గుమ్మంలోంచి కనబడుతున్న దుప్పటిలోని ఎనిమిదో ఆయన్నీ చూసేసరికి చేతిలో గుడ్డ జారిపోయింది.

"ఎక్కడ కొన్నావయ్యా అవి?"

"ఎప్పుడూ కొనే చోటేనమ్మా. ఒక్కొక్కటీ చూసి ఏరుకున్నాను. నా పిల్లలకి వండినట్టే వండాను."

"ఇంతమందీ అబద్ధం చెబుతారా? రేపు ఈ గుమ్మం తొక్కేవాళ్ళుండరు. నాకు వేరే దారి లేదు. నువ్వు ఇవాళే వెళ్ళిపో."

షాపాయన తేలు కుట్టిన దొంగలా పడుకుని వింటున్నాడు. మధ్యలో తన కడుపు నిజంగానే గుర్రుమంది. కొంపదీసి నిజమేనా అని గుండె ఝల్లుమంది. తీరా చూస్తే అది ఆకలి.

వంటాయన లోపలికి వెళ్ళి, రాత్రి మిగిలిన కూరగిన్నె తెచ్చి అందరి ముందూ పెట్టాడు. గరిటె చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది విషమైతే నేనే పోతాను. కానీ నా చేతివంట తిని ఒకరికి నొప్పి వచ్చిందన్న మాట మాత్రం నేను పడనమ్మా."

మొదటి గరిటె మింగాడు. రెండోది మింగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక షాపాయన వల్ల కాలేదు. దుప్పటి విసిరేసి లేచి నిలబడ్డాడు.

"ఆగవయ్యా! నాకు కడుపునొప్పీ లేదు, పాడూ లేదు. కాళ్ళు నొప్పులు! నడవలేక అబద్ధమాడాను. నీ కూర అమృతంలా ఉంది. ఇంకా ఉంటే నాకూ కాస్త పెట్టు!"

యజమానురాలు మిగిలినవాళ్ళవైపు తిరిగింది. "మరి మీ సంగతేమిటి?"

క్యాషియరమ్మ గొంతు సవరించుకుంది. "కూర వల్ల కాదులెండి. నాకు కొత్త నీళ్ళు పడవు."

"నాది చిన్నప్పటినుంచీ ఉన్నదే," అన్నాడు ఏజెంటు. భార్య తలూపింది. అక్కచెల్లెళ్ళది వంశపారంపర్యమట. కూరమీద నింద పోయింది కానీ, నొప్పులు మాత్రం ఒక్కటీ పోలేదు. షాపాయన ఆశగా భార్యవైపు చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, "అబ్బా," అంది.

మాస్టారు నాడి వదిలేసి, ఛాతీ విరుచుకున్నారు. "అంటే ఆరోగ్యంగా ఉన్నది మనమిద్దరమే. పదండి, ఇప్పటికే గంట ఆలస్యం."

"మాస్టారూ, కాళ్ళు..."

"మీ బూట్లు వేసుకుంటే కాలునొప్పి మాటే ఉండదని మీరే చెప్పారుగా!"

ఏడుగురూ షాపాయన జవాబు కోసం చెవులు రిక్కించారు. ఆయన బూట్లు తొడుక్కున్నాడు. వంటాయన పరుగెత్తుకొచ్చి, నాలుగు గిన్నెల క్యారియర్ చేతికిచ్చాడు. "నా ఉద్యోగం నిలబెట్టారు బాబూ. మీకోసం కష్టపడి కట్టాను, ఒక్క మెతుకు కూడా మిగల్చకూడదు." ఆ కృతజ్ఞత నాలుగు కిలోలు తూగింది. మొదటి ఎత్తు ఎక్కేసరికి ఎనిమిది కిలోలైంది. మాస్టారు దాన్ని ముట్టుకోలేదు. నడిచేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాలన్నది ఆయన నియమం.

సాయంత్రం అయిదున్నరకు షాపాయన లాడ్జి గేటు పట్టుకుని లోపలికి వచ్చాడు. డాక్టరు అప్పటికే చూసి వెళ్ళిపోయాడట. ఎందుకైనా మంచిదని రాత్రికి కూడా కాచిన నీళ్ళే ఇమ్మన్నాడట. కిటికీల్లోంచి ఏడు వాడిన మొహాలు క్యారియర్ వైపే చూస్తున్నాయి.

"ఏమండీ," భార్య గొంతు నీరసంగా వినిపించింది, "అందులో ఏమన్నా మిగిలిందా?"

"ఒక్క మెతుకు లేదు," అన్నాడు ఆయన. ఆ రోజు ఆయన చెప్పిన మాటల్లో ఆయనకు బాగా నచ్చిన మాట అదే.

బూట్లు విప్పుదామని వరండాలోకి అడుగుపెట్టబోతుంటే యజమానురాలు పెదవులమీద వేలుంచి ఆపింది. పొయ్యి వెలిగించే పని లేని వంటాయన బల్లమీద కాళ్ళు బారజాపి, మొహంమీద తువ్వాలు కప్పుకుని గుర్రుపెడుతున్నాడు.

"మెల్లగా నడవండి," అంది ఆవిడ. "పొద్దుటినుంచీ పడుకునే ఉన్నాడు, లేస్తాడేమో."