మొదటి అడుగుకు గార్డు

గిడియోన్ ఐదేళ్లుగా ఒక విరిగిన అరిసె ముక్క మీద కోపం పెట్టుకుని బతుకుతున్నాడు.

పెద్దకూతురు డెబోరా మొదటిసారి అడుగులు వేసిన రోజు అతను ఫస్టు షిఫ్టులో ఉన్నాడు. అంటే భూమికి రెండు వందల మీటర్ల కింద. గనిలోకి సెల్‌ఫోను పట్టుకెళ్లనివ్వరు కాబట్టి కబురు కూడా అందలేదు. మర్నాడు అతని తల్లీ భార్యా కలిసి అడుగుల అరిసెలు చేసి, పిల్లను నడిపించి, గోదావరిఖని కాలనీలో వాళ్ల లైను పొడవునా పంచిపెట్టారు. అప్పుడూ అతను డ్యూటీలోనే ఉన్నాడు. సాయంత్రం క్వార్టరు మెట్లెక్కుతుంటే పక్కింటి అనసూర్య ఎదురొచ్చి, “మీ పొల్ల మస్తు నడిసింది తమ్మీ, కండ్లార చూసిన” అంది. కన్నతండ్రికి మాత్రం గిన్నె అడుగున విరిగిన ముక్క ఒకటి మిగిలింది.

డెబోరా మొదటి మాట సెకండ్ షిఫ్టులో పోయింది. మొదటి పన్ను నైట్ షిఫ్టులో పోయింది. మూడు షిఫ్టులూ సమానంగా అన్యాయం చేశాయి.

అందుకని చిన్నకూతురు షారోను పదమూడో నెలలో గోడ పట్టుకుని నిలబడగానే గిడియోన్ నడుం మీద చేతులు పెట్టుకుని ఇంట్లో ప్రకటన చేశాడు.

“సుజితా, చెప్తున్న. ఈసారి మొదటి అడుగు నేను చూడాలె. నేను లేనప్పుడు నడవనియ్యకు.”

సుజిత ముందుగదిలో కుట్టుమిషను మీద జాకెట్టు కుడుతోంది. తల ఎత్తలేదు.

“ఆ మాట కాయితం మీద రాసిచ్చిపో. పొల్ల లేవంగనే చదివి వినిపిస్త.”

“నవ్వులాట కాదే.”

“నేనెక్కడ నవ్విన? మీ మేనేజరుతోని మాట్లాడి నడకను సెకండ్ షిఫ్టుకు మార్పియ్యి మరి.”

“నీకేం, పొద్దంత ఇంట్లనే ఉంటవు. అన్నీ నీకే కనవడ్తయి.”

“ఆఁ, కనవడ్తయి. ఈ సూది, ఈ దారం, ఇగో అనసూర్యక్క జాకెట్టు చేతులు. ఇవే కనవడ్తయి నాకు.”

పెళ్లానితో వాదించి గెలిచినవాడు ఆ లైనులోనే ఎవడూ లేడు. గిడియోన్ పెద్దకూతురు వైపు తిరిగాడు. ఎండాకాలం సెలవులు కాబట్టి డెబోరా రోజంతా నడిమి గదిలో, కూలరు ముందు, చెల్లెలితోనే ఉంటుంది. ఆరేళ్ల పిల్ల. చెప్పిన మాట చెప్పినట్టు వింటుంది. అంత బాగా వినే పిల్లతో ఎంత జాగ్రత్తగా మాట్లాడాలో ఆ పూట అతనికి తోచలేదు.

గిడియోన్ గనిలో షాట్‌ఫైరరు. బొగ్గు పేల్చే మనిషి. పేల్చే ముందు, ఆ చోటికి వచ్చే ప్రతి దారి దగ్గరా ఒక మనిషిని గార్డు పెట్టాలి. ఎవరినీ లోపలికి పోనివ్వకూడదు. గార్డుగా నిలబడ్డవాడు తనంతట తాను కదలకూడదు. పెట్టినవాడే స్వయంగా వచ్చి, “గార్డు తీసిన” అని చెప్పాలి. ఈ సంగతి డెబోరాకు రాజుల కథల కంటే ఇష్టం. అన్నం తినేటప్పుడు రోజూ చెప్పించుకునేది.

గిడియోన్ తన పాత హెల్మెట్టు తెచ్చి కూతురి నెత్తిన పెట్టాడు.

“బిడ్డా, నిన్ను గార్డు పెడుతున్న. నేను చూడకుండ చెల్లె నడవద్దు.”

“మేనేజరు వస్తే?”

“మేనేజరు కాదు, వాళ్ల నాయిన వచ్చినా సరే.”

“మమ్మీ చెప్తే?”

గిడియోన్ ముందుగది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “మమ్మీ మేనేజరు కన్న పెద్దది. అయినా సరే. పెట్టినోడే తియ్యాలె.”

డెబోరా హెల్మెట్టు సర్దుకుని సెల్యూట్ కొట్టింది. గిడియోన్ మురిసిపోయి, పిల్లలిద్దరినీ ముద్దుపెట్టుకుని, సెకండ్ షిఫ్టుకు వెళ్లాడు. దీపం తీసుకుని గనిలోకి దిగేసరికి ఆ సంగతి పూర్తిగా మర్చిపోయాడు.

వారం గడిచింది. షారోను గోడ వదలలేదు. రెండో వారమూ గడిచింది. గిడియోన్ ఇంట్లో మెలకువగా ఉన్నంతసేపూ ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒక చేత్తో ఫోను పట్టుకుని, “దా తల్లీ, దా” అని పిలిచేవాడు. పిల్ల లేచేది, చేతులు వదిలేది, అక్క వైపు చూసేది, చటుక్కున కూర్చుని అరచెయ్యి చాపేది. అతని ఫోనులో నలభై వీడియోలు నిండాయి. నలభైలోనూ పిల్ల కూర్చునే ఉంది.

“ఫోను చూసి బెదురుతున్నది” అంది సుజిత.

“ఫోనును కాదు, నీ మిషను సప్పుడుకు.”

“మిషను సప్పుడు కడుపులున్నప్పటి సంది వింటున్నది. నీ మొఖం గంత దగ్గర్నుంచి ఇప్పుడే చూస్తున్నది.”

మూడో వారానికి ఈ హాస్యాలు ఆగిపోయాయి. గిడియోన్ తల్లి సుసన్నా మనవరాలి కాళ్లకు పొద్దున నువ్వులనూనె, సాయంత్రం ఆవనూనె రాయడం మొదలుపెట్టింది. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. సగం నూనె పిల్లకు, సగం మంచం కోడుకు రాసేది. ఇసుకలో మోకాళ్లదాకా పూడ్చి నిలబెడితే నడుస్తారని అనసూర్య చెప్పింది. పూడ్చారు. షారోను అందినంత ఇసుక తిని, మిగిలింది నానమ్మ నెత్తిన పోసింది. ఆదివారం చర్చిలో ఆ కాళ్ల కోసం ప్రత్యేక ప్రార్థన జరిగింది. పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంది.

చివరికి దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరమ్మ కాళ్లు వంచి చూసింది, చాపి చూసింది, నిలబెట్టి చూసింది. షారోను దర్జాగా నిలబడి, డెబోరా వైపు చూసి, కూర్చుని చెయ్యి చాపింది.

“కాళ్లు ఫస్ట్‌క్లాసుగా ఉన్నాయి. ఏ లోపమూ లేదు” అంది డాక్టరమ్మ. “మరెందుకో పాపే నడవొద్దు అనుకుంటోంది. కొన్నాళ్లు చూద్దాం.”

డాక్టర్లు చూద్దాం అన్నప్పుడల్లా ఏదో దాస్తున్నారని గిడియోన్ నమ్మకం. ఆ వారం నైట్ షిఫ్టులు. గనిలో దిగి నడుస్తుంటే ముందు నడిచేవాళ్ల కాళ్లే కనిపించేవి. ఇంతమంది ఇంత సులువుగా ఎలా నడుస్తున్నారా అని ఆశ్చర్యం వేసేది. ‘ప్రభువా, నేను చూడాలన్న ఆశతోనే ఇదంతా అయిందేమో. నేను చూడకున్నా మంచిదే. నా కండ్ల ముంగట కాకున్నా మంచిదే. పొల్ల నడిస్తే చాలు’ అని మనసులో అనుకున్నాడు. ఆ మాట అతను నిజంగానే అనుకున్నాడు. ఐదేళ్ల కోపం ఎటుపోయిందో అతనికే తెలియలేదు.

అలా ఒక నైట్ షిఫ్టు దిగి వచ్చిన రోజు మధ్యాహ్నమే అది జరిగింది. తిని పడుకున్నాడు గానీ దిగులుతో నిద్ర రాలేదు. నడిమి గదిలో చాప మీద కళ్లు సగం మూసుకుని పడి ఉన్నాడు. సుసన్నా మంచం మీద విసనకర్రతో కూర్చుంది. సుజిత మిషను ముందుగదిలో గడగడలాడుతోంది.

షారోను గోడ పట్టుకుని లేచింది. ఒక చెయ్యి వదిలింది. రెండోదీ వదిలింది. కుడికాలు నేల మీది నుంచి లేచింది. గిడియోన్ ఊపిరి బిగబట్టాడు. ఫోను చార్జింగులో ఉంది, అయినా కదిలే ధైర్యం లేదు.

అప్పుడు హెల్మెట్టు కదిలింది.

డెబోరా చప్పుడు కాకుండా పాక్కుంటూ వచ్చి, చెల్లెలి గౌను వెనకనుంచి పట్టుకుని, మెల్లగా కిందికి లాగి కూర్చోబెట్టింది. “ఆగు షారూ. డాడీ పండుకున్నడు. లేసినంక నడువు” అని గుసగుసలాడి, బుగ్గ మీద ముద్దుపెట్టి, చేతిలో బిస్కెట్టు ముక్క పెట్టింది. షారోను సంతోషంగా నమలసాగింది. నిలబడి కూర్చుంటే బిస్కెట్టు వస్తుందని ఆ పిల్ల ఇరవై రోజుల నుంచీ నేర్చుకుంటోంది.

గిడియోన్ దిగ్గున లేచి కూర్చున్నాడు.

“ఏం జేస్తున్నవు బిడ్డా?”

“డ్యూటీ” అంది డెబోరా.

“ఏం డ్యూటీ?”

“నువ్వే గద డాడీ గార్డు పెట్టినవు. తియ్యలే గద.”

మిషను చప్పుడు ఆగింది. సుజిత చేతిలో కత్తెరతోనే గుమ్మంలోకి వచ్చింది. ఇరవై రోజుల సంగతి రెండు నిమిషాల్లో బయటపడింది. ఎవరూ అడగలేదు కాబట్టి డెబోరా ఎవరికీ చెప్పలేదు, అంతే.

“ఇరవై దినాలు!” అంది సుజిత. “ముసలామె నూనె రాసీ రాసీ చేతులు అరిగిపాయె. చర్చి చర్చంత మోకాళ్ల మీద నిలవడె. పాస్టరమ్మ ఏడ్చె. నేను రేయింబవళ్లు లోపల్లోపల కాలిపోతి. ఇదంత నీ గార్డు పనా?”

“నేను నవ్వులాటకు అన్ననే.”

“గనిల గూడ గిట్లనే గార్డును పెట్టి మర్చిపోయి ఇంటికొస్తవా?”

పదకొండేళ్ల సర్వీసులో గిడియోన్‌ను ఎవరూ అనని మాట అది.

ఇంతలో డెబోరా చెల్లెల్ని గోడ దగ్గరే వదిలి, నానమ్మ మంచం దాకా జరిగి ఏడుపు మొహం పెట్టింది.

“షారూకు నడుసుడు రాకుంట నేనే జేసిన్నా? నా అడుగులు చూడలేదని నువ్వు బాత్రూంల ఏడ్చినవట గద. నానమ్మ చెప్పింది. మళ్ల ఏడుస్తవని ఆపిన.”

సుజిత చేతిలో కత్తెర కిందికి దిగింది. మొగుడికి కోపం వచ్చిందని తెలుసు గానీ, ఏడ్చాడని ఐదేళ్లలో ఆమెకు తెలియదు. అతని వైపు ఒకసారి చూసి, పిల్లకు మంచినీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లింది.

గిడియోన్ గోడ వైపు వీపు పెట్టి డెబోరా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్ల రెండు చేతులతో కళ్లు మూసుకుని వెక్కుతోంది. హెల్మెట్టు తీశాడు. లోపల జుట్టంతా చెమటతో తడిసి ఉంది. ఇన్ని రోజులూ ఈ ఎండల్లో ఇది మోసిందా అనుకుంటూ ఆ చెమట తుడిచాడు.

“తప్పు నాది బిడ్డా. నువ్వేం జెయ్యలే. నీ అసొంటి గార్డు మా గనిలనే లేడు. గార్డు తీసిన. ఇగ నీ డ్యూటీ అయిపోయింది.”

డెబోరా ఇంకా గట్టిగా ఏడ్చింది. గిడియోన్ ఆమె వీపు నిమురుతుంటే, వెనక నుంచి ఎవరో బనియను పట్టి గుంజారు.

“జర ఆగవే సుజితా, పొల్లను సముదాయించనియ్యి.”

మళ్లీ గుంజారు. అతను వెనక్కి చూడకుండానే విసుగ్గా, “ఆగుమంటున్న గదా!” అన్నాడు.

“నన్నెందుకు ఆగుమంటున్నవు?” అంది సుజిత, వంటింట్లోంచి.

గిడియోన్ రాయిలా బిగుసుకుపోయాడు. మెల్లగా, చాలా మెల్లగా, తల తిప్పాడు. షారోను అతని బనియను పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక గోడ ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంది.

“గోడకాడ నుంచి నడుసుకుంట వచ్చింది గదరా” అంది సుసన్నా, విసనకర్ర ఊపుతూ. “నేను చూస్తనే ఉన్న.”

“ఎన్ని అడుగులేసిందే అమ్మా?”

“అడుగులు నాకెక్కడ కనవడ్తయిరా. తెల్లగౌను పోయింది, గంతే.”

నీళ్ల గ్లాసుతో వచ్చిన సుజిత అక్కడే కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. “ఇంట్ల ముగ్గురం కండ్లున్నోళ్లం ఉండి, ఆమె చూసిందా! పైంగ పొల్ల మొదటిసారి నడిచి నీకాడికొస్తే, ఆగుమన్నవు గదయ్యా!”

గిడియోన్ చిన్నదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆ రెండు కాళ్లనూ అరచేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

డెబోరా చేతులు తీసి, తండ్రి మొహంలోకి జాలిగా చూసింది.

“మళ్ల చూడలేదా డాడీ?”

చూశానంటే నమ్మేసేది. “చూడలే బిడ్డా” అన్నాడు.

“ఏడుస్తవా?”

“లేదు. నడిచింది గద. గది చాలు నాకు.”

డెబోరా ముక్కు తుడుచుకుని, లేచి, గోడ దగ్గరికి వెళ్లింది. రెండు చేతులతో గోడ పట్టుకుంది.

“పోనీ నావి చూడు డాడీ. అవి గూడ చూడలే గద నువ్వు.”

సుసన్నా విసనకర్ర ఆపి, “ఇదెవరే నడిచేది?” అంది.

ఆరేళ్ల డెబోరా ఒక చెయ్యి వదిలింది. రెండోదీ వదిలింది. ఏడాది పిల్లలా ఊగింది, పడబోయి నిలదొక్కుకుంది, చేతులు రెండూ ముందుకు చాపి, ఒక్కొక్క అడుగే వేస్తూ తండ్రి వైపు వచ్చింది. గిడియోన్ రెప్ప వేయకుండా ప్రతి అడుగూ చూశాడు.