గురి తప్పిన సంతాపం

శనివారం పొద్దున్న కళ్యాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో రైఫిల్‌తో ఐదు గుళ్ళు కాల్చి చెయ్యి సరిచూసుకోవాలి, రెండు ఇడ్లీలు తినాలి, పది గంటలకల్లా క్లబ్బు హాలుకి చేరాలి. సముద్రం అవతల మెయిన్‌ల్యాండులో జరిగే పోటీలకు దీవుల జట్టు వెళుతోంది. ఆడవాళ్ళ ఎయిర్ రైఫిల్ విభాగంలో ఒక్క చోటే మిగిలింది, దానికి ఆరుగురు పోటీ. నలభై మూడేళ్ళ వయసులో, డెలానీపూర్ ఆఫీసులో కూర్చుని ఊరందరి సెలవు అర్జీలు సరిచూసే మనిషికి, తనకంటూ ఒకటి ఇంత గట్టిగా కావాలనిపించడం ఇదే మొదలు.

ఈ పిచ్చి ఆమెకి మేళాలో బుడగల దుకాణం దగ్గర పట్టుకుంది. భర్త రామ్‌ప్రసాద్ సరదాకి తుపాకీ చేతికిస్తే, కళ్యాణి వరసాగ్గా బుడగలన్నీ పేల్చేసింది. "దీదీ, బస్ కరో! మిగతావాళ్ళకి ఏం పెట్టాలి?" అని దుకాణంవాడు దండం పెట్టాడు. మర్నాడే ఆమె క్లబ్బుకి వెళ్ళింది. అక్కడ శిక్షణ ఇచ్చే యిర్మియా మాస్టారు మూడు రైఫిళ్ళు బల్ల మీద పెట్టి, "చూపుకి నచ్చింది తీసుకోకమ్మా, భుజాన్ని అడిగి తీసుకో" అన్నాడు. మొదటిది నిగనిగలాడుతోంది గానీ రోకలంత బరువు. రెండోదానికి భుజాన ఆనే మడమ పొడుగు, చెంప ఆనితే కన్ను అందదు. మూడోది చూడటానికి సాదాసీదా. గొట్టం వంచి స్ప్రింగు బిగించి, చెంప ఆనించగానే గురి చూసే ముందరి ముల్లు వెనక గాడిలో తనంతట తానే వచ్చి కూర్చుంది. అటువంటిదే కొనుక్కుంది.

ఇంట్లో మాత్రం అత్తగారు ఎరుకమ్మ అగ్గిమీద గుగ్గిలమయింది. "ఇంటికి మాలచ్చిమి లాటి కోడలొచ్చిందనుకున్నాను గానీ పోలీసోడొచ్చేడనుకోలేదు. తుపాకీ పట్టిన సేత్తో సేపల పులుసెడితే ఎవులు తింటారే?" అంది. అని, ఆ పూట పులుసు మారు వడ్డించుకుంది. ఆ తర్వాత రైఫిల్ ఉన్న గదివైపు ఆమె పగలు తొంగి చూసిన పాపాన పోలేదు.

లంబాలైన్‌లో వాళ్ళ ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. తలుపులన్నీ బార్లా తీస్తే వంటింటి గడప నుంచి పెరటి గోడకి సరిగ్గా పది మీటర్లు. గోడకి మందపాటి చెక్కలు కొట్టి, ముందు ఇనప పెట్టె, అందులో కాగితం గురి. కళ్యాణి రైఫిల్ ఎత్తే ముందు రామ్‌ప్రసాద్ గదులన్నీ చూసి, ఎవరూ అడ్డు లేరని తేల్చుకుని, "లైన్ క్లియర్!" అని అరవాలి. నోట్లో నాలుక లేని మనిషి కావడంతో ఆ ఒక్క కేకా ఎంతో ఇష్టంగా వేసేవాడు. ఎరుకమ్మ ఆ కాసేపూ హాల్లో గోడవారన పీట మీద మొహం తిప్పుకుని కూర్చునేది.

ఆ రోజూ అలాగే "లైన్ క్లియర్!" అన్నాడు. కళ్యాణి ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

రోజూ "టప్" మనే రైఫిల్ ఆ రోజు "ధన్!" మంది. గొట్టం చివర నుంచి తెల్లటి పొగ బుస్సున వచ్చి వంటిల్లంతా కమ్మేసింది. గుండు కాగితానికి జానెడు పైన చెక్కలో దిగబడింది. పిల్లి గోడ దూకింది. రామ్‌ప్రసాద్‌కి పొలమారి దగ్గు పట్టుకుంది.

పక్కింటి టైటస్ ఓడల ఇంజను గదుల్లో పనిచేసి రిటైరైన మనిషి. చప్పుడు వినగానే తడిపిన గోనెసంచి పట్టుకుని, "గ్యాస్! గ్యాస్! సబ్ బాహర్ నికలో! అందరూ బయటికి!" అంటూ దూసుకొచ్చి, దాన్ని పొయ్యి మీద విసిరాడు. ఏ పాపమూ ఎరగని ఇడ్లీపాత్ర దాని కింద నలిగిపోయింది.

"గ్యాస్ కాదు అంకుల్, రైఫిల్!" అంది కళ్యాణి.

"రైఫిలా? ఎవరికి తగిలింది?"

"ఎవరికీ తగల్లేదు!"

ఆయన వెనకే వచ్చిన భార్య ప్రేమావతి హాల్లో ఆగిపోయింది. ఎరుకమ్మ గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని పొగవైపు చూస్తోంది. "వదినా, ఏమైంది?" అంటే జవాబు లేదు. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో ఎరుకమ్మ ఒక మాటకి నాలుగు మాటలు చెప్పకుండా ఊరుకున్న రోజు లేదు. ప్రేమావతికి భయమేసింది. అక్కడే మోకాళ్ళూని, కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె ప్రార్థన మొదలుపెడితే ఓ పట్టాన ముగించదు. మధ్యలో ఎరుకమ్మ చప్పుడు లేకుండా లేచి, తన గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

ప్రేమావతి కళ్ళు తెరిచేసరికి పీట ఖాళీ. గది తలుపు మూసి ఉంది. లోపల అలికిడి లేదు. "లోపల పడుకోబెట్టేశారు కాబోలు" అన్నాడు టైటస్ గొంతు తగ్గించి. ప్రేమావతి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, చర్చి స్త్రీల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఎరుకమ్మ వదిన కుటుంబం కోసం అందరూ ప్రార్థన చెయ్యండమ్మా. అంతా ఒక్క క్షణంలో జరిగిపోయింది." ఇందులో ఒక్క అబద్ధమూ లేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగ కళ్ళారా కనిపిస్తోంది కనక నిప్పు సంగతి ఎవరికి వాళ్ళే పూరించుకున్నారు. కాసేపటికి వీధి నిండింది. మాయాబందర్‌లో ఉన్న ఆడపడుచు శ్రావణి సంగతి విని ఫోన్ చేస్తే, రామ్‌ప్రసాద్ దగ్గు ఆపుకోలేక, "అమ్మ... అమ్మ..." అన్నాడు. ఆ పిల్ల కెవ్వుమని ఫోన్ పెట్టేసి బస్సెక్కేసింది. బస్సు అడవి దారిలో పడ్డాక ఫోను పలకదు. షామియానాలు అద్దెకిచ్చే జోగులు ఎవరూ చెప్పకుండానే వీధిలో షామియానా వేసి కుర్చీలు దింపేశాడు. "పెద్దావిడ. మన సేతుల మీద ఎదిగిన... కాదు, మనమే ఆవిడ సేతుల మీద ఎదిగినోళ్ళం" అని ముక్కు చీదాడు.

కళ్యాణికి ఇవేవీ పట్టలేదు. పెరట్లో కూర్చుని రైఫిల్ గొట్టంలో గుడ్డ తిప్పింది. గుడ్డ జిడ్డోడుతూ బయటికొచ్చింది. వాసన చూసింది. కొబ్బరినూనె. ఇంట్లో ఇంకెవరు పోస్తారు? తుపాకీ ఇంట్లో ఉండకూడదని అన్నదెవరు? సరిగ్గా ఈ రోజు కోసమే ఆగి, తన ఆశ మీద నూనె పోశారనుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది.

అయినా కళ్ళు తుడుచుకుని, రైఫిల్ సంచిలో పెట్టి వీధిలోకి వచ్చింది. జనాన్ని చూసి బిత్తరపోయింది.

"అత్త పోయిన పూట తుపాకీ భుజాన్నేసుకుని ఎక్కడికమ్మా?" అంది ఒక ముసలావిడ.

"అత్తయ్య పోవడమేంటి? లోపలే ఉన్నారు!"

"లోపలే ఉంటుంది తల్లీ, ఇంక ఎక్కడికెళ్తుంది?"

"బాగానే ఉన్నారండీ!"

"అవునమ్మా, ఇంక ఆవిడకే బాధా లేదు" అని ప్రేమావతి ఆమెని గుండెకి హత్తుకుంది.

ఆ కౌగిలి విడిపించుకోవడానికే కొంత పొద్దు పోయింది. తొమ్మిదిన్నర దాటింది. కళ్యాణి విసురుగా లోపలికి వెళ్ళి గది తలుపు దబదబా బాదింది.

"అత్తయ్యా, తలుపు తియ్యండి! ఆ నూనె ఎందుకు పోశారో చెప్పండి. నేను బాగుపడటం మీకిష్టం లేదా?"

లోపల నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. గుమ్మంలో జోగులు చేతుల్లోని కుర్చీలు కింద పడ్డాయి.

"నానేటి సేసేనే... సముద్రం గాలికి ఇనుము బతుకుద్దా? మీ మాయ్య వలకి కట్టిన గుళ్ళు, కత్తులు, కుట్టుమిసను అన్నిటికీ నూనె రాసే గదా నాను కాపాడినాను. నువ్వు తొంగున్నాక రోజూ పైనంతా రాత్తన్నాను. ఇయేళ పోటీ కదాని, లోపల తుప్పొట్టీద్దని, నిన్న రేత్రి గొట్టంలో ఓ గరిటె పోసేను. అది పేలిపోద్దని నాకేటి తెలుసు? నీ మొకం ఎలా సూడనే?"

కళ్యాణి చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. ఇంతసేపు ఆవిడ మీద పెంచుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. సిగ్గేసింది. ఆ వెనకే చెప్పలేనంత సంతోషం కలిగింది. "బయటికి రండి అత్తయ్యా, నాకేం కోపం లేదు. నాకు తోడు మీరే రావాలి" అంది.

గడియ తీసుకుని ఎరుకమ్మ వీధిలోకి వచ్చింది. షామియానా చూసింది, కుర్చీలు చూసింది, ఒకాయన చేతిలో దండ చూసింది.

"ఎవులు పోనారు?"

దండ పట్టుకున్నాయన దాన్ని వీపు వెనక్కి దాచుకున్నాడు. ప్రేమావతి మాత్రం "స్తోత్రం!" అని కేకేసి, పునరుత్థానం తన వీధిలోనే జరిగినందుకు కన్నీళ్ళు పెట్టుకుంది.

"పోనోళ్ళ సంగతి తరవాత. నా కోడలికి పది గంటలకి పోటీ. జోగులూ, బండి తియ్యరా! ఖాళీగా కూకున్నోళ్ళంతా ఎక్కండి!"

కుర్చీలతో సహా అందరూ ఎక్కారు. హాలు చేరేసరికి పేర్లు పిలుస్తున్నారు. పోటీకి ముందు చెయ్యి సరిచూసుకునే గుళ్ళు కాల్చనిస్తారు. కళ్యాణి మొదటిది కాల్చగానే మళ్ళీ "ధన్!" మంది. వరసలో ఉన్న మిగతా ఐదుగురూ ఎగిరిపడ్డారు. యిర్మియా మాస్టారు పరిగెత్తుకొచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"అరే, యే క్యా హై? ఎవరిక్కడ వేపుడు వేస్తున్నారు?"

సంగతి విన్నాక ఆయన తల పట్టుకున్నాడు. "స్ప్రింగు గాలిని ఒక్కసారి నొక్కేసరికి అది వేడెక్కి లోపలి నూనె అంటుకుంటోందమ్మా. ఇది ఈ రోజుకి పనికిరాదు. క్లబ్బుది తీసుకో" అని తెచ్చిచ్చాడు. అది ఆ నిగనిగలాడే రోకలి.

కళ్యాణి దాన్ని అందుకుంది. వెనక్కి తిరిగి చూసింది. చావింటికి బయలుదేరిన జనం కనక మౌనంగా ఎలా కూర్చోవాలో వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. చేతులు కట్టుకుని, తలలు వంచుకుని, ఎంతో గౌరవంగా కూర్చున్నారు. ముందు వరసలో ఎరుకమ్మ దగ్గు కూడా మింగుతోంది. తన కోసం ఇంతమంది వచ్చి కూర్చోవడం కళ్యాణి ఎరగదు. వేరే పని మీద వచ్చారనుకోండి, అయినా వచ్చారు.

రైఫిల్ ఎత్తింది. బరువుగానే ఉంది. ఆ బరువుకే గొట్టం అటూ ఇటూ ఊగకుండా నిలిచింది. ఊపిరి సగం వదిలి ఆగింది. నల్లటి చుక్క, ముల్లు, తను. సెలవు అర్జీలు, పొగ, షామియానా ఏవీ లేవు. టప్. ఆ చిన్న చప్పుడుకి ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఒక్కో గుండూ ఆమె ఇష్టంగా, తొందరపడకుండా కాల్చింది. పక్క వరసల్లో ఉన్నవాళ్ళు మాత్రం, దండతో సహా దిగులుగా కూర్చున్న ఆ జనాన్ని చూసి మాటిమాటికీ చెమట తుడుచుకున్నారు.

ఒక్క పాయింటు తేడాతో చోటు కళ్యాణికి దక్కింది. దండ తెచ్చినాయన ఇంక ఆగలేక దాన్ని ఆమె మెడలో వేసేశాడు.

"రేపట్నించి ఏటి రాయమంటావే దానికి?" అంది ఎరుకమ్మ బెరుగ్గా.

"పొడిగుడ్డతో తుడవండి అత్తయ్యా. పైపైన."

"ఇద్దరం కలిసే తుడుద్దాం" అంది ఆవిడ.

దీపాలు పెట్టే వేళకి శ్రావణి మాయాబందర్ నుంచి దిగింది. వీధి మొగలోనే జుట్టు విరబోసుకుని, "అమ్మా! నన్నొదిలేసి పోయావా!" అని గుండెలు బాదుకుంటూ గుమ్మం ఎక్కింది. తలుపు తీసింది అమ్మే.

"ష్! అరవకే. మీ వదిన జట్టులోకి ఎక్కింది. అలిసిపోయి ఇప్పుడే తొంగుంది."

శ్రావణి అమ్మని పైనుంచి కిందిదాకా రెండుసార్లు తడిమి చూసుకుంది. ఆ తర్వాత, అంత దూరం వచ్చి ఏడవకపోతే బాగుండదని, గుమ్మంలో కూర్చుని కాసేపు మెల్లగా ఏడ్చింది.