శౌరమ్మగారింటి వైఫై

పదకొండింటికి తనిఖీ అయిపోతే, ఆ తర్వాత నింపాదిగా గోంగూర పప్పు చేసుకోవచ్చని శాలిని ఆ మంగళవారం పొద్దున అనుకుంది. భవానీపురంలో అత్తగారింట్లో ముందుగది మూలన బల్ల వేసుకుని, ఆమె ఒక హైదరాబాదు కంపెనీకి పనిచేస్తోంది. ఆసుపత్రుల నుంచి వచ్చే రోగుల రిపోర్టులు చూసి బీమాకు సరిపోతాయో లేదో తేల్చడం ఆమె పని. ఇళ్లలో ఇంటర్నెట్ ఎంత భద్రంగా ఉందో వీడియోలో చూస్తామని, తేడా ఉన్నవాళ్లు ఇకమీదట ఆఫీసుకే రావాలని కంపెనీ తెలియజేసింది. ఆఫీసు హైదరాబాదులో. భర్త స్టీఫెన్ ఉద్యోగం గన్నవరంలో.

తొమ్మిదింటికి ఫోనులో చూసుకుంటే, ముగ్గురున్న ఇంటి వైఫైని పదిహేడు ఫోన్లూ టీవీలూ వాడుకుంటున్నాయి.

"అత్తయ్యా, మన పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పారా?"

శౌరమ్మ గోంగూర ఆకు తుంచుతోంది. "ఎవరికి చెప్తానమ్మా? పైవాటా మాస్టారికి, పక్కింటి రాజ్యశ్రీకి, ప్రార్థనకొచ్చే మనవాళ్లకి. అంతే. నోరు తెరిచి అడిగితే లేదంటామా?"

"ఇవాళ తేడా వస్తే నా పని హైదరాబాదుకేనండీ" అంటూ శాలిని పాస్‌వర్డ్ మార్చేసింది. పదిహేడు కాస్తా రెండయ్యాయి.

సరిగ్గా అప్పుడే రాజ్యశ్రీ, ఫోనులో లైవ్ పెట్టి, తమ మగ్గం మీద నేసిన చీర కొంగు విప్పి చూపిస్తోంది. కొంగు సగం విప్పేసరికి లైవ్ ఆగిపోయింది. కిందటివారం తను ఇచ్చిన చీర రంగు దిగిందని శాలిని అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. పైవాటాలో రామకోటేశ్వరరావు మాస్టారు షుగర్ డాక్టరుతో వీడియోలో మాట్లాడుతున్నారు. "మాత్ర రోజుకి..." అన్నంతవరకే డాక్టరు కనిపించాడు. మెట్లకడ్డంగా స్కూటర్ పెట్టొద్దని స్టీఫెన్‌తో గట్టిగా అన్నందుకే ఈ శిక్ష అని మాస్టారు తీర్మానించుకున్నారు.

ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు శౌరమ్మకు ఫోను చేశారు. కోడలి మీద మాట పడటం ఆమెకు నచ్చలేదు. "అదేం కాదండీ. పాపం, పిల్ల ఉద్యోగం మీదికొచ్చింది. హైదరాబాదు పంపించేస్తారట" అని చెప్పింది. వినగానే రాజ్యశ్రీ చీర సంగతీ, మాస్టారు స్కూటర్ సంగతీ మర్చిపోయారు. పదకొండుంబావుకల్లా ఇద్దరూ ఓదార్చడానికి బయల్దేరారు.

అప్పటికి తెర మీద తనిఖీ అధికారి జ్ఞానేశ్వర్ ఉన్నాడు. మెడకు తాడుతో గుర్తింపు కార్డు వేసుకుని ఇంట్లోనే కూర్చున్నాడు.

"పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసండీ?"

"నాకొక్కదానికేనండీ." రెండు గంటల నుంచీ అది నిజమే.

"గుడ్. మీరు పనిచేసే పేజీ తెరిచి ముట్టుకోకుండా వదిలెయ్యండి. ఎంతసేపటికి దానంతటదే తాళం పడుతుందో చూద్దాం."

శాలిని తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. వెనక తలుపు తెరుచుకుని ఇద్దరూ లోపలికొచ్చిన చప్పుడు ఇయర్‌ఫోన్లలో ఆమెకు వినిపించలేదు. మాస్టారు ముప్పైయేళ్లు పిల్లల చేత పాఠాలు చదివించిన మనిషి. అక్షరం కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేరు.

"పున్నమ్మ, నలభై రెండేళ్లు, కంకిపాడు. గర్భసంచి..."

"కంకిపాడు పున్నమ్మా? మాకు నూలు చుట్టే..." రాజ్యశ్రీ ముందుకు వంగింది.

శౌరమ్మ మొహం పాలిపోయింది. కిందటేడు రొమ్ములో గడ్డ తీయించుకున్నప్పుడు, కంటి ఆపరేషన్ అని ఆమె చర్చిలో అందరికీ చెప్పుకుంది. అసలు సంగతి తెలిసింది కొడుక్కీ కోడలికీ మాత్రమే. తన కాగితం కూడా ఎక్కడో ఎవరి బల్ల మీదో ఇలాగే తెరుచుకుని ఉండి ఉంటుందని ఇన్నాళ్లూ ఆమెకు తట్టలేదు. రెండంగల్లో వచ్చి, లాప్‌టాప్ మూత ఠపీమని వేసేసింది.

"మాస్టారూ, అది ఒక ఆడమనిషి ఒంటి సంగతి. మీరు చదవకూడదు. రాజ్యశ్రీ, విన్నది ఇక్కడే వదిలెయ్యాలి."

"కంకిపాడులో పున్నమ్మలు బోలెడుమంది ఉంటారాంటీ" అంది రాజ్యశ్రీ తలదించుకుని. మాస్టారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. ఇద్దరూ వచ్చినంత నిశ్శబ్దంగానే వెళ్లిపోయారు.

తనిఖీ మధ్యలో కెమెరా మూసేసిన ఉద్యోగి ఇంకెవరైనా ఉంటారా? శాలిని జ్ఞానేశ్వర్‌కి ఫోను చేసింది. ఆమె నోరు విప్పకముందే అతను అందుకున్నాడు.

"సారీ అండీ, తప్పు నాదే! మా లైను రెండ్రోజుల నుంచి లేదు. పక్కింటివాళ్లది వాడుకుంటున్నా. వాళ్లు ఊరెళ్తూ స్విచ్ కట్టేశారు. మీరు పేజీ తెరిచాక నాకేం కనపళ్లేదు."

అంటే అతను ఏమీ చూడలేదు. ఒక్క "పర్లేదండీ"తో అంతా ముగిసిపోతుంది. శాలిని అత్తగారి వైపు చూసింది. ఆమె ఇంకా మూత మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

"ఇక్కడ ఇంకోటి జరిగిందండీ" అని శాలిని, పొద్దుటిదాకా పాస్‌వర్డ్ అందరి దగ్గరా ఉన్న సంగతితో సహా, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అటువైపు నుంచి జ్ఞానేశ్వర్ అడిగాడు.

"మూసిందెవరు?"

"మా అత్తయ్యగారు."

"ఎంతసేపట్లో?"

"వినబడిన వెంటనే."

"మన సాఫ్ట్‌వేర్‌కి ఐదు నిమిషాలు పడుతుందండీ" అన్నాడతను నెమ్మదిగా. తర్వాత గొంతు సవరించుకుని, తలుపున్న గదిలో పనిచేసుకోమన్నాడు. ఇచ్చి తీరాల్సినవాళ్లుంటే అదే వైఫై డబ్బాలో అతిథులకని వేరే కనెక్షన్, వేరే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చన్నాడు.

మధ్యాహ్నం అత్తాకోడళ్లు చెరోవైపు పట్టుకుని బల్లను పడగ్గదిలోకి మార్చారు. అతిథుల పాస్‌వర్డ్ అందగానే మాస్టారు మళ్లీ డాక్టరును పట్టుకుని, మాత్ర రోజుకి రెండని తెలుసుకున్నారు.

నాలుగింటికి రిపోర్టు వచ్చింది. శాలిని ఇంట్లో రెండు లోపాలు, ఇంటి నుంచే పనిచేయడానికి అనుమతి. తనిఖీ చేసిన అధికారి ఇంటి ఇంటర్నెట్ గురించి రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.