ఏడో బెడ్డు ఎక్కిన మెట్లు

"వంద రోజుల్లో ఈ కేంద్రంలోని ప్రతి పేషెంటూ తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికి వెళ్తాడు. ఇది నా హామీ కాదు, నా శపథం" అని మంత్రిగారు ప్రకటించారు.

మొదటి పేజీలో ఫొటోతో సహా పడింది. ఆ వార్తని మా ఊరి నర్సింగ్ అండ్ రిహాబిలిటేషన్ హోమ్‌లో పైకి చదివి వినిపించే అదృష్టం నాకు దక్కింది. నేను అక్కడ బుధవారాలూ శనివారాలూ గడ్డాలు గీస్తాను. అక్షరం ముక్క వచ్చిన మంగలిని కాబట్టి పేపరు చదివే డ్యూటీ కూడా నాదే. ఒక చెంపకి నురగ రాసి ఒక వార్త, రెండో చెంపకి రాసి ఇంకో వార్త.

ముప్ఫై రెండు బెడ్లలో ముప్ఫై ఒకటి చప్పట్లు కొట్టాయి. పదకొండో బెడ్డు పెద్దాయనకి మోకాళ్ళ కింద కాళ్ళే లేవు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆయనే. చేతులు శుభ్రంగా ఉన్నాయి కదా!

"ఏమయ్యా, వంద రోజుల్లో నాకు కూడా మొలుస్తాయంటావా?" అని అడిగాడు.

"మంత్రిగారు నోరు విడిచి చెప్పాక మొలవక చస్తాయా అండీ?" అన్నాను. దూరదృష్టి ఉన్న నాయకుణ్ణి ఇలాంటి చిల్లర అనుమానాలతో విసిగించకూడదని నా ఉద్దేశం.

చప్పట్లు కొట్టనిది ఏడో బెడ్డు ఒక్కడే. మంత్రిగారంటే గౌరవం లేక కాదు, కుడి చెయ్యి లేవక. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అందరం డ్రైవరు బాబాయ్ అంటాం. ఆయన ఇల్లు మేడ మీద. వీధిలోంచి పైకి పద్నాలుగు మెట్లు, ఒకపక్కే రెయిలింగు. కింది వాటా ఓనరు ఖాళీ చెయ్యడు. కాబట్టి బాబాయ్ బతుకంతా ఆ పద్నాలుగు దగ్గర ఆగి ఉంది. ఎక్కగలిగితే ఇల్లు, పిన్ని, తన మంచం, తన కిటికీ. ఎక్కలేకపోతే ఏదీ లేదు.

"ఎందుకు బాబాయ్ ఈ అవస్థ? నలుగురం కలిసి కుర్చీలో మోసుకెళ్తాం" అన్నాను ఒకసారి.

"నలుగురూ మోసే రోజు ఎలాగూ వస్తుందిరా. అప్పుడు మోద్దురుగాని. ఇప్పుడు మాత్రం నేనే ఎక్కుతా."

దానికోసం హోమ్ వెనక గదిలో చెక్కమెట్లు ఉన్నాయి. ఇటు నాలుగు ఎక్కాలి, అటు నాలుగు దిగాలి. పైన ఇల్లూ లేదు, గదీ లేదు. ఎక్కడికీ తీసుకెళ్ళని ఆ మెట్ల మీదే పడిపోయినవాళ్ళంతా మళ్ళీ నడక నేర్చుకుంటారు. నేర్పేది ఫిజియోథెరపిస్టు అమ్మాయి. మనిషి పిడికెడు, గొంతు మాత్రం వీధి చివరికి వినబడుతుంది. అందరూ టీచరమ్మ అంటారు.

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు! దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు!" రోజుకి రెండొందల సార్లు అదే పాఠం.

బాబాయ్ తనకి తనే "రైట్ రైట్" చెప్పుకుని బయల్దేరేవాడు. ఎక్కిన మెట్టు పక్కన ఎడమచేత్తో మేకు పెట్టి వంకరగా ఒక గీత గీసేవాడు. "ఇక్కడికి ఒక స్టాపు అయింది. టైముకి కాస్త లేటు, అంతే" అనేవాడు. మంత్రిగారి శపథం నాటికి గీతలు రెండు. మూడోది ఇవాళో రేపో అన్నట్టుంది.

మంత్రిగారు స్వయంగా వచ్చి శపథం ప్రారంభిస్తారని కబురొచ్చింది. వారం ముందే పీఏ వచ్చాడు, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని. మంత్రిగారు చెయ్యి అందిస్తే ఒక పేషెంటు నాలుగు మెట్లూ ఎక్కాలి, అదీ ప్రోగ్రాం. సూపరింటెండెంటుగారు బాబాయ్‌ని చూపించారు. బాబాయ్ మంచి కాలు వేశాడు, దెబ్బ కాలు లాక్కున్నాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ మంచి కాలు వేశాడు. ఒళ్ళంతా చెమట. రెండు మెట్లయ్యాయి.

పీఏ వాచీ నొక్కాడు. "నాలుగు నిమిషాలు! సార్ ఇక్కడ ఉండేదే పదకొండు నిమిషాలు. అందులో ఐదు ఉపన్యాసం, మూడు ఫొటోలు. ఈయన్ని కాస్త స్పీడు చెయ్యలేరా?"

"ఇంకో నెల పడుతుందండీ" అంది టీచరమ్మ.

"నెల తర్వాత సార్‌కి డేట్లు లేవమ్మా. ఆరోగ్యంగా ఉన్న పేషెంటు ఎవరూ లేరా మీ దగ్గర?"

లేరు. అది ఆ హోమ్‌లో ఉన్న పెద్ద లోపం. పీఏ ఎవరినీ నిందించలేదు. పార్టీలోంచే ఒకణ్ణి తెస్తానన్నాడు. వాణ్ణి ఊళ్ళో అందరూ మైకు అంటారు. మంత్రిగారు తుమ్మినా జిందాబాద్ కొట్టే కార్యకర్త. గొంతుకి తగ్గ ఒళ్ళు, ఒంటికి తగ్గ తిండి.

ప్రారంభం రోజు పొద్దున్నే నన్ను పిలిపించారు. మైకు జుట్టుకి పౌడరు పూసి, కళ్ళ కింద కాటుక పులిమి, మూడు రోజుల గడ్డం తెల్లగా కనబడేలా చెయ్యాలిట. నా సర్వీసులో ముసలాళ్ళని పడుచువాళ్ళని చెయ్యడమే తప్ప ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. దేశసేవ ఏ రూపంలో వస్తుందో చెప్పలేం. బాబాయ్ చొక్కా విప్పి మైకుకి తొడిగారు, గుండీలు పట్టలేదు. బాబాయ్‌ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి దుప్పట్ల గదిలోకి తోశారు.

"నన్నెందుకురా దాస్తున్నారు?" అన్నాడు బాబాయ్.

"బాబాయ్, ఇవాళ ఏడో బెడ్డు మీద మంత్రిగారి చెయ్యి పడుతోంది. ఎంతమందికి వస్తుంది ఆ అదృష్టం? కాసేపు సహకరించు" అన్నారు సూపరింటెండెంటుగారు, తలుపు దగ్గరికి వేస్తూ.

మంత్రిగారు వచ్చారు. ఫొటోలవాళ్ళు వచ్చారు. "ఎలా ఉన్నావు పెద్దాయనా?" అని చెయ్యి చాపారు. మైకు ఆ చెయ్యి పట్టుకుని ఒక్క ఊపున నాలుగు మెట్లూ ఎక్కేశాడు. పట్టిన చెయ్యి వదలడం ఆ కంగారులో మరిచిపోయాడు. దాంతో మంత్రిగారు కూడా పైకి చేరారు. పైనుంచి మైకు అలవాటు కొద్దీ జిందాబాద్ కొట్టాడు. పక్షవాతం పేషెంటు గొంతుకి కిటికీ అద్దాలు గలగలలాడాయి.

అందరూ ఫొటోల్లో ఉండగా నేను మాత్రం మంత్రిగారి మోకాళ్ళు చూస్తున్నాను. గడ్డాలు గీసేవాడికి మనిషిని దగ్గర నుంచి చూసే రోగం ఉంటుంది. ఆ మోకాళ్ళు వణుకుతున్నాయి. ఎక్కడమైతే ఎక్కారు గానీ దిగడానికి ఆయన వల్ల కావడం లేదు. ఒక పాదం ముందుకి పెట్టి వెనక్కి తీసుకున్నారు.

"దెబ్బ కాలు ముందు సార్!" అని అరిచింది టీచరమ్మ. పాపం, అలవాటు.

పీఏ మొహం మాడిపోయింది. మంత్రిగారు ఆ పిల్ల వంక ఒక నిమిషం చూశారు. తర్వాత చెప్పినట్టే ఎడమ కాలు ముందేసి, రెయిలింగు పట్టుకుని దిగారు.

"మీ పేరేంటమ్మా?" అని అడిగి, పీఏ చేత రాయించుకుని వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఉద్యోగం ఊడిందనే అనుకున్నాం అందరం.

మర్నాడు పేపర్లో ఇంతలావు అక్షరాలు: "మంత్రి చెయ్యి తగిలింది, పక్షవాతం వదిలింది." కింద మైకు ఫొటో, కాటుకతో సహా. మూడోనాడు డిపార్ట్‌మెంటు నుంచి కాగితం వచ్చింది. ఏడో బెడ్డు పేషెంటు సంపూర్ణంగా కోలుకున్నందున తక్షణం డిశ్చార్జి చెయ్యాలి. చారిత్రక ప్రాధాన్యం దృష్ట్యా చెక్కమెట్లు భద్రపరచడానికి అప్పగించాలి. ఫిజియోథెరపిస్టుని స్పెషల్ డ్యూటీ మీద పంపాలి.

"అయ్యా, ఎక్కింది నేను కాదు!" అన్నాడు బాబాయ్.

"ఎక్కింది ఎవరని నేనడగలేదు బాబాయ్. ఎక్కింది ఏడో బెడ్డు. నువ్వు ఏ బెడ్డు?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఏడు."

"మరింకేం? గవర్నమెంటు కాగితంలోనూ ఉంది, పేపర్లోనూ ఉంది. ఇంతమంది నువ్వు నడిచావంటుంటే నీ ఒక్కడి మాటా?"

"నా కాలండీ అది!"

"కాలు నీదే బాబాయ్. కేసు మాది."

మెట్లని లారీలోకి ఎక్కిస్తుంటే బాబాయ్ కుర్చీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మూడో మెట్టు పక్కన గీత లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సూపరింటెండెంటుని పట్టుకుని నాలుగు కడిగేద్దామనుకున్నాను. ఆ తర్వాత నా బుధవారాలూ శనివారాలూ గుర్తొచ్చి, ఆయన గడ్డమే ఇంకాస్త నున్నగా గీశాను.

బాబాయ్‌ని వ్యాన్‌లో ఇంటికి దింపారు. ఇంటికి అంటే వీధిలోకి. కుర్చీలో పైకి మోస్తామంటే ససేమిరా అన్నాడు. చివరికి మెట్ల కింద స్కూటరు పెట్టుకునే చోట పిన్ని మడతమంచం వేసింది. అన్నం పైనుంచి దిగి వచ్చేది, ఖాళీ గిన్నె పైకి ఎక్కి వెళ్ళేది. ఆవిడకీ అరవై దాటాయి. రోజుకి ఎనిమిది సార్లు ఎక్కి దిగడం. ఇంటిల్లిపాదీ చెయ్యాల్సిన వ్యాయామం ఆవిడ ఒక్కతే చేస్తోంది.

శపథం మాత్రం ఆగలేదు. మిగతా బెడ్లు కూడా వరసగా కోలుకోవడం మొదలుపెట్టాయి. పదకొండో బెడ్డు కూడా కోలుకుంది.

డెబ్భయ్యో రోజున నాకు మంత్రిగారి బంగళా నుంచి పిలుపు. ఆయన సొంత మంగలికి జ్వరమట, జుట్టుకి రంగు వెయ్యాలి. వెనక వరండాలోకి పంపారు. అక్కడ నాకు తెలిసిన గొంతు వినబడింది.

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు సార్! తొందర లేదు. ఊపిరి తీసుకోండి."

మంత్రిగారు టవలు భుజాన వేసుకుని చెక్కమెట్లు ఎక్కుతున్నారు. నాలుగూ ఎక్కి, నాలుగూ దిగారు. టీచరమ్మ నన్ను చూసి తల వంచుకుంది. మెట్ల మీద ఎర్ర తివాచీ పరిచారు. పక్కలు కప్పలేదు. బాబాయ్ గీతలు రెండూ అలాగే ఉన్నాయి.

రంగు వేస్తుంటే మంత్రిగారు ఆప్యాయంగా మాట్లాడారు. "హోమ్ ఎలా ఉందోయ్?"

"ప్రశాంతంగా ఉంది సార్. సగం ఖాళీ."

"చూశావా! మన ఏడో బెడ్డు పెద్దాయన?"

బ్రష్షు నా చేతిలో ఉంది. నిజం నాలుక చివరికొచ్చింది. గుమ్మంలో పీఏ నిలబడి ఉన్నాడు. "మీ దయ సార్. అన్నం కూడా కూర్చున్న చోటికే వస్తోంది" అన్నాను. సిగ్గులేని మనిషిని. ఆ రోజు ఆయన జుట్టు మాత్రం నల్లగా నిగనిగలాడింది.

వందో రోజు బహిరంగ సభ. వేదికకి మెట్లు ఎత్తుగా కట్టారు. మంత్రిగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మంచి కాలు ముందేసి, ఒక్కొక్క మెట్టే ఎక్కి పైకి చేరారు. మైదానం హోరెత్తిపోయింది. మైకు గొంతు చిరిగిపోయింది. హోమ్‌లో ఒక్క పేషెంటు కూడా మిగల్లేదనీ, శపథం నెరవేరిందనీ ప్రకటించారు. కోలుకున్న ప్రతి ఒక్కరికీ వాళ్ళ ఇంటికే సర్టిఫికెట్ పంపుతామన్నారు.

మర్నాడు బాబాయ్‌కి గడ్డం గీయడానికి వెళ్ళాను. పేపర్లో మంత్రిగారు మెట్లెక్కుతున్న ఫొటో ఉంది. బాబాయ్ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బాగా ఎక్కాడురా. ఆ పిల్ల నేర్పితే అంతే" అన్నాడు. తర్వాత పేపరు మడిచి నాకిచ్చేశాడు. ఆయన కంటి కింద తడి కనిపించింది. నురగ పడిందేమోనని తుడవబోయాను. నురగ కాదు.

అంతలో ఆఫీసు బంట్రోతు సైకిలు దిగాడు. చంకలో రిజిస్టరు, చేతిలో ఫ్రేము కట్టిన సర్టిఫికెట్.

"ఏడో బెడ్డు ఇల్లు ఇదేనా?"

"నేనే బాబూ ఏడో బెడ్డు. ఇలా ఇయ్యి."

బంట్రోతు అడ్రసు చూసుకున్నాడు. "ఇందులో పై వాటా అని ఉంది. ఇంట్లోనే ఇచ్చి సంతకం తీసుకోవాలని ఆర్డరు. ఇది మెట్ల కింద కదా. మీరు పైకి రండి, ఇచ్చేస్తా."

"నాయనా, ఆయన నడవలేడు" అన్నాను.

"భలేవారండీ! నడుస్తున్నందుకేగా ఈ సర్టిఫికెట్?" అని బంట్రోతు పద్నాలుగు మెట్లూ టకటకా ఎక్కేశాడు. పైన పిన్నితో ఏదో మాట్లాడాడు. "ఇంట్లో లేరు, కింద" అని ఆవిడ గొంతు వినబడింది. బాబాయ్ రెయిలింగు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "రైట్ రైట్" అనుకుని మంచి కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు. దెబ్బ కాలు వెనకాల రాలేదు.

బంట్రోతు సర్టిఫికెట్‌తో సహా కిందికి దిగి, బాబాయ్‌ని ఒరుసుకుంటూ దాటుకుని వచ్చాడు. మళ్ళీ రావడానికి టైము లేదనీ, ఆఫీసులో వాపసు చేస్తాననీ చెప్పి, రిజిస్టరు సైకిలు సీటు మీద పెట్టి రాసుకున్నాడు. రాసింది నాకు కనబడింది. పైకి చదివి వినిపించడం నా డ్యూటీయే.

"ఏం రాశాడురా?" అని అడిగాడు బాబాయ్, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద.

"పేషెంటు ఇంట్లో లేరు. నడకకి వెళ్ళారు."