వేలిగుంటల బొగ్గు

ఆ మంగళవారం కలకత్తా బంద్. బస్సుల్లేవు, ట్రాముల్లేవు, భవానీపూర్‌లో ఆఫీసూ లేదు. అయినా మృత్యుంజయ పొద్దున్నే పథకం వేసుకున్నాడు. ముందు టీ, తర్వాత బొగ్గుపెళ్ళ కొలతలు, మధ్యాహ్నానికల్లా ఇంట్లోని పాత కంప్యూటర్లో దాని బొమ్మ. బుధవారం బొగ్గు యార్డు సేఠ్ ముందు ఆ బొమ్మ సరిగ్గా ఆడితే ఉద్యోగం పర్మనెంటు. ఆడకపోతే షాలిమార్‌లో మేనమామ చూసిపెట్టిన గుమాస్తా కుర్చీ, అదీ మేనమామ కిందే.

పని పేరు పెద్దది గానీ సంగతి చిన్నది. సేఠ్ యార్డులో గొట్టంలోంచి జారాల్సిన బొగ్గు రోజూ ఇరుక్కుపోతోంది. ఎందుకో కంప్యూటర్లో చూపించాలి. ఆ సాఫ్ట్‌వేర్‌కు గుండ్రటి గోళీలు తప్ప మరో ఆకారం తెలియదు. వంకర బొగ్గు కావాలంటే మరమరాల ఉండ కట్టినట్టు చిన్నా పెద్దా గోళీలు అంటించి రూపం తేవాలి. ఆ విద్యలో తనను మించినవాడు హుగ్లీకి ఇటు ఒడ్డున లేడని మృత్యుంజయ నమ్మకం. అటు ఒడ్డు సంగతి అతను విచారించలేదు.

టీ తాగి చూస్తే, యార్డు నుంచి తెచ్చి కిటికీలో పెట్టిన పెళ్ళ లేదు.

"అమ్మా, ఇక్కడ కాగితంలో బొగ్గుండాలే?"

"నువ్వు తాగిన టీ దేనిమీద కాగిందనుకున్నావు?" అంది అప్పలకొండమ్మ. "బంద్ గదా, కొట్టు తియ్యనేదు. పొయ్యి రాజెయ్యడానికి ఒక్క పెళ్ళ నేదు."

"అది ఆఫీసు బొగ్గే!"

"ఆఫీసు బొగ్గయితే మండదేటి? ఇంద, ఇది పట్టుకెల్లు. దానికన్నా గట్టిది."

ఆమె చేతిలో పెట్టింది గుల్. బొగ్గు పొడిలో బంకమన్ను కలిపి, గుప్పిట్లో నొక్కి, డాబా మీద ఎండబెట్టిన ఉండ. వాళ్ళుండే వాట్‌గంజ్‌లో, పెళ్ళబొగ్గుతో రాజేశాక, ఇంటింటి పొయ్యికీ అదే తిండి. ఇరవై నాలుగేళ్లుగా ఆ పొయ్యి మీది అన్నం తిన్న మృత్యుంజయ ఏనాడూ దాన్ని రాజేసిన పాపాన పోలేదు. కనుక అది గని నుంచి వచ్చిన బొగ్గే అనుకున్నాడు. పైగా దాని ఒంటిమీది నాలుగు గుంటలు చూసి మురిసిపోయాడు.

"చూశావా అమ్మా, ప్రకృతి ఎంత వంకర పనులు చేస్తుందో!"

"ఏటో నాయనా, నాకేటి తెల్సు," అని ఆమె బియ్యం కడుక్కోవడానికి వెళ్ళింది.

దాని రూపం తేవడానికి ముప్పై ఏడు గోళీలు పట్టాయి. వెయ్యి నకళ్లు తీసి గొట్టంలో పోస్తే గలగలా జారిపోయాయి. ఒక్కటీ ఇరుక్కోలేదు. తెలివైనవాడైతే ఇక్కడ అనుమానపడేవాడు. మృత్యుంజయ పక్కింటికి పరిగెత్తి ఆఫీసు యజమాని ఘోషాల్‌కు ఫోన్ చేశాడు.

"దాదా, గొట్టంలో తప్పేం లేదు. వాళ్ళ కూలీలకే పొయ్యడం రాదు!"

ఘోషాల్ ఆ మాట సేఠ్‌కు చెప్పాడు. సేఠ్ దాన్ని కూలీల మేస్త్రీ గవరయ్యకు చెప్పాడు. బుధవారం సేఠ్ ఒక్కడే రావాల్సిన ఆఫీసుకు అతనితోపాటు గవరయ్య, అతని వెనక యూనియన్ వాళ్ళు పదకొండు మంది, జెండాతో సహా వచ్చారు.

తెర మీద బొగ్గు గలగలా జారింది. శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా బొగ్గు మోసిన గవరయ్య ముందుకు వంగాడు.

"ఏది బాబూ, ఆ ఒక్క పెళ్ళనీ పెద్దది సెయ్యి."

మృత్యుంజయ గర్వంగా పెద్దది చేశాడు. గవరయ్య తన కుడిచెయ్యి తెరకు ఆనించాడు. నాలుగు వేళ్లూ నాలుగు గుంటల్లో కుదురుగా కూర్చున్నాయి.

"ఇది గుల్ గదేటి! ఏ తల్లి నొక్కిందో గానీ, మంచి సెయ్యి!"

యూనియన్ యావత్తూ నవ్వింది. జెండా పట్టుకున్నవాడు దాన్ని గోడకానించి మరీ నవ్వాడు. ఘోషాల్ నవ్వలేదు. మృత్యుంజయకు మేనమామ ముఖం కనబడింది.

సేఠ్ మాత్రం తెర మీంచి కళ్లు తిప్పలేదు. "నా బొగ్గు ఇరుక్కుంటోంది. ఇది ఇరుక్కోవడం లేదు. ఎవడూ కొనని పొడి యార్డులో గుట్టలా పడి ఉంది. దాన్ని ఇదే అచ్చులో నొక్కిస్తే?"

"జారతాది సేఠ్‌జీ," అన్నాడు గవరయ్య. "అమ్ముడూ పోతాది."

వారం తిరక్కుండా అచ్చు గీసే పని ఆఫీసుకు వచ్చింది. మృత్యుంజయ ఉద్యోగం పర్మనెంటైంది. నక్షా అడుగున 'రూపకల్పన' అన్న గడిలో ఘోషాల్, ఆ గుల్ నొక్కిన తల్లి ఎవరో కనుక్కుని, అప్పలకొండమ్మ పేరు రాయించాడు. దాని కింద గడిలో మృత్యుంజయ పేరు కూడా ఉంది, 'నకలు తీసినవారు' అని.