శాంతమూర్తి గారి శ్వాస తరగతి

ఆ పెద్ద అడవి మొత్తానికి ఆసుపత్రి ఒక్కటే. అందులో పిల్లల వార్డును వరహాలమ్మ అనే ముంగిస నర్సు చూసుకునేది. ఆ ఏడు ఎండలకు వాగు ఎండిపోయింది. అడుగున మిగిలిన బురదనీళ్లు తాగి, పిల్లలంతా వాంతులు, విరేచనాలతో వచ్చి పడ్డారు. మంచానికి ఇద్దరేసి పడుకోబెట్టినా చోటు చాలలేదు. ఒకరోజు వరహాలమ్మ సెలైన్ పెడుతూ నిలబడే కునుకు తీసింది.

దాంతో భయం పట్టుకుని సూపరింటెండెంట్ అడవిదున్న గంభీరరావు దగ్గరికి పరుగెత్తింది.

“సార్, ఇంకొక నర్సును ఇప్పించండి. ఇలాగైతే ఏదో ఒకరోజు నా చేతుల్లోనే ఓ బిడ్డ పోతుంది.”

గంభీరరావు నెమరు ఆపి జాలిగా చూశాడు. “నీది పని ఎక్కువై వచ్చిన బాధ కాదమ్మా, మనసు కుదురులేక వచ్చింది. మీ క్షేమం కోసమే ఖాళీగా ఉన్న నర్సు పోస్టులో ధ్యానం మాస్టారిని వేశాం.”

ఆ మాస్టారు కొండచిలువ శాంతమూర్తి. ప్రశాంతతలో ఆయనకు సాటి లేరు. ఒకసారి భోంచేస్తే నెల్లాళ్లు కదిలేవాడు కాదు.

తరగతి భోజనాల వేళ పెట్టారు. హాజరు తప్పనిసరి. పాము ఎదుట కళ్లు మూసుకోవడం ముంగిస జాతిలో ఎవరూ చేయని పని. ఉద్యోగం కోసం వరహాలమ్మ అదీ చేసింది.

“శ్వాస మీద మనసు పెట్టండి,” అని శాంతమూర్తి మెల్లగా బుసకొట్టాడు. “ఏ శబ్దం వినపడినా ఊరికే గమనించండి. దాని వెంట పోకండి. ఒకసారికి ఒకే పని.”

అంతలో వార్డులోంచి ఓ తల్లి లేడి కేక వేసింది. “సిస్టరమ్మా! నా బిడ్డ ఊపిరి తీయడం లేదు!”

“గమనించండి,” అన్నాడు శాంతమూర్తి.

వరహాలమ్మ గమనించింది. మరుక్షణం వార్డులో ఉంది. బిడ్డను పక్కకు తిప్పి, గొంతుకు అడ్డంపడ్డ వాంతిని వేలితో తీసి, వీపు తట్టింది. జింకపిల్ల దగ్గి, గట్టిగా ఏడ్చింది.

సాయంత్రానికి మెమో వచ్చింది. తరగతి మధ్యలో లేచి తోటి సిబ్బంది ప్రశాంతతకు భంగం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

వరహాలమ్మ మందుల గదిలో కాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, తోటి నర్సు కుందేలు చంద్రకాంతతో అంది: “రేపట్నుంచి మాస్టారు చెప్పినట్టే చేద్దామే.”

అలాగే చేశారు. ఒక బిడ్డ పని పూర్తయ్యాకే ఇంకో బిడ్డ. ప్రాణం మీదికి వచ్చినవాళ్లు ముందు. సూపరింటెండెంట్ గదికి టీ పంపడం, తనిఖీకి వచ్చే పెద్దలకు దండలు గుచ్చడం వాటంతటవే ఆగిపోయాయి.

ఇంతలో గంభీరరావు గిట్టలో తుమ్మముల్లు దిగింది. కుంటుకుంటూ పిల్లల వార్డులోకే వచ్చాడు.

“ముందు నన్ను చూడు!”

“ఈ బాబుకు సెలైన్ ఎక్కుతోంది సార్. మనసంతా ఇక్కడే ఉంది.”

“నొప్పితో చస్తున్నానమ్మా!”

“గమనించండి సార్. దాని వెంట పోకండి.” వరహాలమ్మ గొంతులో వెటకారం లేదు. నేర్చుకున్నది అప్పజెప్పింది, అంతే.

గంభీరరావు ముళ్లపంది పిల్ల వెనక వరసలో కూర్చున్నాడు. పొద్దు వాలాక ఆయన వంతు వచ్చింది. వరహాలమ్మ ముల్లు తీసింది. పూర్తి ఏకాగ్రతతో, ఏమాత్రం తొందరపడకుండా తీసింది.

జింకపిల్ల తన కాళ్ల మీదే ఇంటికి వెళ్లింది. గంభీరరావు ధ్యానం తరగతిని రద్దు చేశాడు. అయితే శాంతమూర్తి ఉద్యోగం అప్పటికే పర్మనెంటు అయిపోవడంతో కొత్త నర్సుకు చోటు లేకపోయింది. ఇప్పుడాయన అదే భోజనాల వేళ, అదే సిబ్బందికి, చురుగ్గా కదలడం ఎలాగో నేర్పుతున్నాడు.

నీతి: కింది ఉద్యోగులకు ప్రశాంతత నేర్పించవచ్చు గానీ, వాళ్లు నేర్చుకోకుండా జాగ్రత్త పడాలి.