మంత్రిగారి బ్లాగు ట్రయల్

మంచినీళ్ల మంత్రిగారు ఇకమీదట తన బ్లాగు తానే రాసుకుంటారని పోయిన సోమవారం ప్రకటించారు. ప్రకటన టైపు చేసింది నేనే. "ప్రజలకీ నాకూ మధ్య ఇక ఎవరూ ఉండరు" అన్న వాక్యం దగ్గర నా వేళ్లు కాసేపు ఆగాయి. నాలుగేళ్లుగా ఆ మధ్యలో ఉన్నది నేనే మరి.

ఇప్పటిదాకా మా పద్ధతి ఇది. మంత్రిగారు కారెక్కుతూ ఒక ముక్క అంటారు. దాన్ని నేను పేజీన్నర చేస్తాను. పీఏగారు అందులో రెండుచోట్ల 'చారిత్రాత్మక' అని చేరుస్తారు. ప్రింటు తీసి, ఫైల్లో పెట్టి, తొమ్మిది సంతకాలకి పంపుతాం. ఎండాకాలంలో నీటి పొదుపు మీద రాసిన వ్యాసం ఒకసారి వరదలప్పుడు వెలువడింది. అంత దూరదృష్టి ఇంకెవరికీ లేదని పార్టీవాళ్లు మెచ్చుకున్నారు.

ఈ జాప్యం పోగొట్టడానికి మంత్రిగారి అల్లుడుగారు బ్రౌజరుకి తగిలించే యాడ్-ఆన్ ఒకటి తెచ్చారు. స్క్రీను మూలన చిన్న పెన్ను బొమ్మ ఉంటుంది. ఏ పేజీలోనైనా నాలుగు లైన్లు సెలెక్ట్ చేసి ఆ బొమ్మ నొక్కితే అదే మంత్రిగారి బ్లాగులో పోస్టవుతుంది. నా కంప్యూటర్ మంత్రిగారి గదిలోకి తెచ్చి, దాని మీద ట్రయల్ పెట్టారు. చూడటానికి ఏడుగురు అధికారులు నిలబడ్డారు.

"ట్రయల్‌కి ఏం పెట్టమంటారు సార్?" అన్నాను.

"ఏదో ఒకటి పెట్టవయ్యా. కింద నా పేరుంటే చాలదూ?"

"ఇది మన స్క్రీన్ దాటి పోదు మామయ్యగారూ," అన్నారు అల్లుడుగారు.

అప్పుడు నా స్క్రీను మీద మా అక్క మెయిల్ తెరిచి ఉంది. ఆ మెయిల్ ప్రింటు తీసి ఫిర్యాదుగా మా ఆఫీసులోనే మూడుసార్లు ఇచ్చాను. మూడుసార్లూ 'సంబంధిత అధికారికి పంపడమైనది' అని తిరిగొచ్చింది. సంబంధిత అధికారి నా పక్క బల్ల దగ్గరే కూర్చుంటాడు. మంచినీళ్ల ఆఫీసులో పనిచేస్తూ అక్కకి బిందెడు నీళ్లు ఇప్పించలేకపోయానని నాకు సిగ్గుగా ఉండేది. ఈ వంకనైనా మంత్రిగారి కంటపడుతుందని సెలెక్ట్ చేసి నొక్కాను.

'మా వీధిలో ముప్పై రెండు రోజులుగా కుళాయి రావడం లేదు. అత్తగారికి తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే స్నానం. ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదు.'

"అక్షరాలు బాగా పెద్దగా పడ్డాయి," అని మంత్రిగారు సంతోషించి భోజనానికి లేచారు.

ఆయన చెయ్యి కడుక్కునేలోపు పోస్టు ఊరంతా తిరిగేసింది. 'ఇంత నిజాయితీ ఏ మంత్రికుంది?' అని ఒకరు, 'మీ అత్తగారి సంగతి చదివి ఏడుపాగలేదు' అని ఇంకొకరు. చీఫ్ ఇంజినీరు మెట్లమీద చెప్పు వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

"మా అత్తగారు పోయి ఆరేళ్లయిందయ్యా!" అన్నారు మంత్రిగారు.

"జనానికి తెలీదు కదా సార్," అన్నారు పీఏగారు.

"నేను పొద్దున స్నానం చేశానా లేదా?"

"చేశారండీ. రెండుసార్లు."

"మరి ఇది రాసిందెవరు?"

 నేనేనని ఒప్పుకోవడానికి కుర్చీలోంచి లేచాను.

"మీరే మామయ్యగారూ," అన్నారు అల్లుడుగారు. "కింద మీ పేరుంది. పైగా నలభై వేల లైకులు."

మంత్రిగారు ఆ అంకెలో సున్నాలు లెక్కపెట్టారు. "అవును, నేనే రాశాను. మనసులో ఉన్నది దాచుకోవడం నాకు చేతకాదు," అన్నారు.

"కానీ సార్, మీ వీధిలో ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు..." అని చీఫ్ ఇంజినీరు నసిగారు.

"అంటే నేను అబద్ధమాడానంటావా?"

అనగలిగే ధైర్యం ఆయనకి లేదు. మంత్రిగారి మాట నిలబెట్టడానికి ఆ సాయంత్రమే మంత్రిగారి వీధికి నీళ్లు కట్టేశారు. మర్నాడు ఆ వీధిని కరువు వీధిగా గుర్తిస్తూ ఉత్తర్వులిచ్చారు. తొమ్మిది సంతకాలూ ఇరవై నిమిషాల్లో పడ్డాయి. నాలుగేళ్లలో అంత వేగం నేను చూడలేదు. అల్లుడుగారిని సాంకేతిక సలహాదారుగా వేశారు. తిట్లు తింటాననుకున్న నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

పత్రం పట్టుకుని మెట్లు దిగుతుంటే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, వారానికోసారి వచ్చే ట్యాంకరు కూడా ఇకమీద రాదటరా. డ్రైవర్ చెప్పి వెళ్లాడు."

"ఎందుకు రాదట?"

"మీ మంత్రిగారి వీధికి తిప్పేశారట. ముప్పై రెండు రోజులుగా వాళ్లకి చుక్క నీళ్లు లేవటగా? మంచం పట్టిన అత్తగారు కూడా ఉన్నారట పాపం. నేను అడిగానని చెప్పరా."